బీర పిందెలు రాలిపోతున్నాయండీ

కిందటేడు శ్రావణమాసంలో ఓ సాయంత్రం, ఆరు దాటాక, మా మిద్దెతోట వాట్సాప్ గ్రూపులో ఒకావిడ మూడు ఫొటోలు పెట్టారు. మొదటి దాంట్లో గ్రో బ్యాగులోంచి లేచి తాడు పట్టుకుని పిట్టగోడ దాకా పాకిన బీరపాదు. రెండో దాంట్లో పసుపుపచ్చని పూలు. మూడో దాంట్లో ఆవిడ అరచేయి, అందులో చిటికెనవేలంత పిందె ఒకటి. కొసన పచ్చబడి, మెత్తబడి, ముట్టుకుంటే ఊడేలా ఉంది. కింద ఇలా రాశారు: "బీర పిందెలు రాలిపోతున్నాయండీ. పదిహేను రోజుల నుంచి ఒక్క కాయ కూడా నిలబడలేదు. ఏం చెయ్యాలి?"

ఈ ప్రశ్నకు జవాబు మా గ్రూపులో చాలామందికి తెలుసు. బీరకు మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వు కింద పుట్టుకతోనే చిన్న పిందె ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె నాలుగు రోజుల్లో పండిపోయి రాలుతుంది. పొలాల్లో అయితే ఆ పని పురుగులు చూసుకుంటాయి. ఊరి నడుమ మూడో అంతస్తు మీదకి అవి అంతగా రావు. అప్పుడు మనమే ఒక మగపువ్వు కోసి, రేకలు వెనక్కి విరిచి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. అసలు కిటుకంతా వేళలో ఉంది. గుమ్మడి, కాకర పొద్దున్నే విచ్చుకుంటాయి. బీర, ఆనప, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి. పొద్దున కాఫీ తాగి మేడెక్కేవాళ్లకి బీరపువ్వు అప్పటికే వాడిపోయి కనిపిస్తుంది. అందుకే కొత్తవాళ్లకి ఈ సంగతి తమంతట తాముగా తట్టదు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

ఆవిడ అడిగింది సరిగ్గా ఆ పువ్వులు విచ్చుకునే వేళకే. "ఇప్పుడే పైకెళ్లి మగపువ్వు అద్దండి" అని ఒక్కరు రాస్తే చాలు. ఎవరూ రాయలేదు. ఫొటోలు పెట్టిన నాలుగైదు నిమిషాలకే ఒకాయన ఎవరో నాయకుడి ప్రసంగం వీడియో ఫార్వర్డ్ చేశారు. దానికి ఒకరు చప్పట్లు, ఇంకొకరు చీవాట్లు. పావుగంటలో గ్రూపు రెండుగా చీలింది. రాత్రి పదింటికి లెక్కపెడితే 170 పైచిలుకు మెసేజ్‌లు. వాటి అడుగున ఎక్కడో ఆ అరచేయి, ఆ పిందె. మర్నాడు ఆవిడ మళ్లీ అడిగారు: "నిన్నటి ప్రశ్నకి ఎవరైనా చెప్తారా అండీ, ప్లీజ్." రాత్రి గొడవ వేడి అప్పటికింకా చల్లారలేదు. క్షమాపణ చెప్పాల్సిందేనని ఇద్దరు పట్టుబట్టి కూర్చున్నారు. మూడో రోజు ఆవిడ నంబరు గ్రూపులో లేదు. ఎందుకు వెళ్లిపోయారని ఎవరూ అడగలేదు.

ఆ గ్రూపుకి నేను నాలుగేళ్లుగా అడ్మిన్‌ని. ఆ సాయంత్రం నేనూ ఫోన్ పట్టుకునే ఉన్నాను. "దయచేసి ఆపండి" అని రెండుసార్లు రాశాను, ఆ తర్వాత ఆగలేక ఆ వీడియో మీద నా అభిప్రాయం కూడా రాశాను. బీర పిందె ఫొటో మాత్రం నా కంటపడలేదు. రెండు నెలల తర్వాత కడియపులంకలో ఒక నర్సరీలో మల్లె అంట్లు చూస్తుంటే ఒకావిడ పలకరించారు. గ్రూపులో నా ఫొటో చూసి గుర్తుపట్టారట. మాటల్లో ఆ సంగతి చెప్పారు. "పాదు పీకేశానండీ. మావారు ముందే అన్నారు, మేడ మీద కూరగాయలు కాస్తాయా అని." ఆ గొంతులో కోపం లేదు. అక్కడే నిలబడి మగపువ్వు, ఆడపువ్వు, సాయంత్రం వేళ, అన్నీ చెప్పాను. "అంతేనా?" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

విషయం దాటి మాట్లాడొద్దని అడ్మిన్లు అంటే చాలామందికి కష్టంగా ఉంటుంది. "మనుషులం కదండీ, ఎంతసేపూ ఎరువులూ పురుగులేనా?" అంటారు. "నచ్చకపోతే స్క్రోల్ చేసుకుని వెళ్లిపోవచ్చుగా" అంటారు. ఇంకొంచెం కోపం వస్తే, "గ్రూపు మీ సొంత ఆస్తా?" అని కూడా అంటారు. మొదటి మాటలో నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. రెండో మాట మాత్రం పూర్తిగా తప్పు. ఎందుకు తప్పో నా కళ్లతో చూశాను కాబట్టి గట్టిగానే చెప్తున్నాను.

స్క్రోల్ చేసుకోవడం అందరికీ ఒకే బరువు కాదు. పొద్దుపోక గ్రూపు తెరిచేవాళ్లకి 170 మెసేజ్‌లు కాలక్షేపం. ఇరవయ్యేళ్లుగా మొక్కలు పెంచుతున్న మనిషికి గ్రూపు నుంచి తెలుసుకోవాల్సింది పెద్దగా ఉండదు. ఆయన వచ్చేది ఇవ్వడానికి. రోజుకు పది నిమిషాలు తీసి, ఇద్దరు ముగ్గురికి సలహా చెప్పి వెళ్లిపోతారు. ఆ పది నిమిషాలూ ప్రశ్నను వెతుక్కోవడానికే సరిపోతే ఒకరోజు చూస్తారు, రెండు రోజులు చూస్తారు, మూడో రోజు మ్యూట్‌లో పెట్టేస్తారు. గ్రూపులోంచి అయితే బయటికి వెళ్లరు, మొహమాటం కదా. పేరు జాబితాలో ఉంటుంది, మనిషి మాత్రం ఉండరు. అలా ముందుగా పోయేది బాగా తెలిసినవాళ్లే. మిగిలేది అడిగేవాళ్లూ, ఫార్వర్డ్ చేసేవాళ్లూ. అప్పుడు టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లుతోందని ఎవరైనా అడిగితే, అది కాల్షియం అందక వచ్చే సమస్య అనీ, నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పోస్తే ఇంకా పెరుగుతుందనీ చెప్పే నాథుడుండడు. "తెగులు మందు కొట్టండి" అని ఎవరో ఒకరు అంటారు. అది తెగులే కాదు. అయినా ఆ మందు కొడతారు, దులిపేసుకుంటారు, ఆ టమాటాలే పిల్లలకి పెడతారు.

మా గ్రూపు మొదట్లో ఇలా ఉండేది కాదు. వాట్సాప్ గ్రూపులో 256 మందికే చోటున్న రోజులవి. సగం మందికి సగం మంది మొహాలు తెలుసు, ఒకరింటి విత్తనాలు ఒకరింట్లో మొలిచేవి. 2022లో ఆ పరిమితి ముందు 512కి, ఏడాది చివరికల్లా 1024కి పెరిగింది. మేమూ సంబరంగా లింకు అందరికీ పంచాం. ఇప్పుడు 700 దాటాం. 60 మంది గదిలో ఒకరు ఏదో కబురు చెప్తే అది కబురే. అదే కబురు 700 మంది జేబుల్లో మోగితే దాన్ని కబురనలేం. మనుషులు మారలేదు, గది పెద్దదైంది. పాత సభ్యులు "ఇదివరకు ఎంత సరదాగా ఉండేది, ఇప్పుడీ రూల్సేంటి" అని బాధపడేది అందుకే. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. ఆ గది నాకూ ఇష్టమే. కానీ అదిప్పుడు లేదు.

ఒకాయన నాతో అన్నారు: "పూర్వం రచ్చబండ దగ్గర టాపిక్ ఉండేదా అమ్మా? వానలు, కోర్టు తగాదాలు, ఎవరింట్లోనో పెళ్లిచూపులు, అన్నీ మాట్లాడుకునేవాళ్లు. అదే కదా ఊరంటే." మంచి మాట. చాలా రోజులు ఆలోచించాను దాని గురించి. మా అమ్మమ్మగారి ఊళ్లో రావిచెట్టు కింద అరుగు నాకు బాగా గుర్తు. అక్కడ నిజంగానే ఏ విషయమైనా మాట్లాడేవాళ్లు. అయితే ఎవరైనా "గేదె ఈనలేక అవస్థ పడుతోంది, ఎవరైనా రండయ్యా" అని పరిగెత్తుకొస్తే, ఎంత రసవత్తరమైన కబురైనా అక్కడికక్కడ ఆగిపోయేది. ఆ మనిషి మొహం చూడగానే అందరూ లేచేవాళ్లు. ఫోన్లో ఆ మొహం కనబడదు. బీర పిందె అరచేతిలో పెట్టుకుని ఒక మనిషి ఎదురుచూస్తోందని 700 మందిలో ఒక్కరికీ తెలియదు. రచ్చబండ మీద కళ్లు చేసే పని ఇక్కడ ఒక నియమం చెయ్యాలి. నేను పట్టుపట్టేది దీనికోసమే.

ఈ తగువు మన ఫోన్లతో పుట్టిందేమీ కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మొదలైన యూజ్‌నెట్ చర్చావేదికల్లో 1980ల్లోనే ఇదే రభస. 1987లో వాటన్నిటికీ కొత్త పేర్లు పెట్టి ఏడు వర్గాలుగా సర్దినప్పుడు, తోటపనిలాంటి అభిరుచులకి ఒక వర్గం, మతం, రాజకీయంలాంటి ఎడతెగని వాదనలకి 'టాక్' అని వేరే వర్గం కేటాయించారు. మన తెలుగు వికీపీడియాలో కూడా ప్రతి వ్యాసానికీ దాని చర్చాపేజీ ఉంటుంది, అందరికీ చెందిన సంగతులకు 'రచ్చబండ' అని వేరే పేజీ ఉంటుంది. ఒక ఊరి వ్యాసం గురించిన సందేహం ఆ వ్యాసం వెనకే దొరుకుతుంది, ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

మేమూ అలాగే చేశాం. 'కబుర్లు' అని రెండో గ్రూపు తెరిచి, రాజకీయాలు, సినిమాలు, క్రికెట్, జోకులు ఏవైనా అక్కడ పెట్టుకోమన్నాం. 40 మంది చేరారు. వారం తిరక్కుండానే అది మూగబోయింది, వీడియోలు మళ్లీ మొక్కల గ్రూపులోకే వచ్చాయి. ఒకాయనకి ఫోన్ చేసి అడిగాను, ఆ గ్రూపులో పెట్టొచ్చు కదండీ అని. "అక్కడెవరున్నారండీ చూడ్డానికి?" అన్నారు. మనసులో మాటే చెప్పారు. ఆయనకి కావలసింది మాట్లాడుకునే చోటు కాదు, జనం. ఆ జనం వచ్చింది మొక్కల కోసం. పెళ్లికి పిలిస్తే వచ్చినవాళ్లని కూర్చోబెట్టి చిట్టీల గురించి ఉపన్యాసం ఇస్తే ఎలా ఉంటుంది? పందిరి పెళ్లివారు వేశారు, అక్షింతలకని వచ్చారు జనం. ఒకరు దేనికో కేటాయించిన సమయాన్ని చెప్పకుండా ఇంకోదానికి వాడుకోవడం తప్పని నేను నమ్ముతాను. ఆ వీడియోలో ఉన్నది ఎంత నిజమైనా, ఎంత మంచిదైనా సరే.

ఇక మొదటి మాట, ఎంతసేపూ ఎరువులేనా అన్నది. ఏది మొక్కల విషయం, ఏది కాదు అన్న దగ్గర మా అడ్మిన్లమే ముగ్గురం మూడు రకాలుగా ఆలోచిస్తాం. పండిన గోంగూరతో పచ్చడి ఎలా చేశారో ఒకరు రాస్తే, "ఇది వంటల గ్రూపు కాదు" అని మాలో ఒకరు తీసేశారు. నేను ఒప్పుకోలేదు. ఎర్ర గోంగూరకి పులుపెక్కువ, ఎప్పుడు కోస్తే బావుంటుంది, ముదిరితే ఏం చెయ్యాలి, ఇదంతా తోటే కదా? తినడానికే కదా పెంచేది? కోతుల గోల మొక్కల విషయమే. మేడ మీద కుండీల బరువుకి స్లాబు కారుతోందని కింద ఫ్లాటువాళ్లు తగువుకొస్తే అదీ మొక్కల విషయమే. ఆ తగువుతోనే తోట మొత్తం తీసేసినవాళ్లు నాకు తెలుసు. కిందటి సంక్రాంతి ముందు మా సభ్యురాలొకరు పోయారు. వాళ్లబ్బాయి బెంగుళూరు నుంచి ఆ కబురు గ్రూపులో పెట్టి, "అమ్మ మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు లేరు" అని రాశాడు. ఆ సాయంత్రం నలుగురు ఆ మేడెక్కి నీళ్లు పోశారు. తర్వాత 80 కుండీలూ తలా కొన్ని తెచ్చుకున్నారు. ఆవిడ కరివేపాకు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. దాన్ని ఆఫ్ టాపిక్ అని ఎవరైనా అంటే ఆ గ్రూపులో నేనుండను.

అంతకన్నా చిక్కైన సంగతి ఒకటుంది. టాపిక్ అనే మాటనే కర్రలా వాడటం. మా గ్రూపులో ఎక్కువమంది సేంద్రియం మీద ఇష్టంతో చేరినవాళ్లు, నేనూ అంతే. ఒకసారి ఒక కొత్త సభ్యుడు, వంకాయకి అన్నీ చేసినా ఎదగడం లేదంటే, అనుభవమున్న ఒక రైతు "కొంచెం డీఏపీ వేసి చూడు బాబూ" అన్నారు. వెంటనే పదిమంది మీదపడ్డారు. "ఇది సేంద్రియ గ్రూపు, రసాయనాలు ఇక్కడ ఆఫ్ టాపిక్" అన్నారు. గ్రూపు పేరులో సేంద్రియం లేదు, నియమాల్లోనూ లేదు. ఆయన చెప్పింది వంకాయ గురించి, అడిగింది వంకాయ గురించి. ఇంతకంటే టాపిక్‌లో ఉండటం ఎలా? ఆయన సలహా నచ్చకపోతే, ఇంట్లో తినే కూరకి ఇది వద్దు, వేపపిండీ వర్మీకంపోస్టూ చాలు, వారం ఓపిక పట్టు అని చెప్పొచ్చు. నేను అదే రాసేదాన్ని. కానీ నచ్చని మాటని "విషయం కాదు" అని గెంటేస్తే, రేపు అసలైన నియమం చెప్పినప్పుడు కూడా నన్నెవరూ నమ్మరు. ఆ రోజు ఆ పదిమందికీ విడివిడిగా మెసేజ్ పెట్టాను. ఇద్దరికి నచ్చలేదు, వెళ్లిపోయారు.

దీనికి అటువైపు కూడా చూశాను. జీవామృతం అనే సేంద్రియ ద్రవ ఎరువు ఎలా చెయ్యాలని ఎవరో అడుగుతారు. ఎకరానికైతే 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, అంతే మోతాదు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు మట్టి. మేడ మీదకి 10 లీటర్లు చాలంటే అన్నిట్లో ఇరవయ్యో వంతు: అరకిలో పేడ, అర లీటరు మూత్రం, బెల్లం, పిండి చెరో 100 గ్రాములు. ఇక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత "నాటు ఆవుదే కావాలి" అని ఒకరు, "ఏ ఆవుదైతే ఏం" అని ఇంకొకరు. అక్కడి నుంచి గోవు, గోవు నుంచి మతం, మతం నుంచి పార్టీలు. నాలుగైదు మెసేజ్‌ల దూరం, అంతే. ఎవరూ కావాలని దారి తప్పించరు. ఏ మెసేజ్ దగ్గర గీత గీయాలో అడ్మిన్‌గా నాకు ప్రతిసారీ కష్టమే. నేను చూసేది ఒక్కటే, పక్కన ఎవరి ప్రశ్న అయినా జవాబు లేకుండా నిలబడి ఉందా? ఉంటే అక్కడే ఆపేస్తాను.

మాస్టారి సంగతి చెప్పకపోతే ఇది సగం నిజమే అవుతుంది. రిటైరైన తెలుగు మాస్టారు ఒకరు మా గ్రూపులో ఉన్నారు. మల్లె గురించి ఆయనకి తెలిసినంత నాకు తెలిసి ఎవరికీ తెలియదు. ఏ నెలలో ఆకు దూయాలి, ఎంతమేర కత్తిరించాలి, ఎన్ని రోజులు నీళ్లు ఆపాలి, కుండీ చూడకుండానే చెప్తారు. ఆయనకున్న అలవాటల్లా పొద్దున్న అయిదున్నరకి ఒక పువ్వు బొమ్మ, దాని మీద ఒక పద్యం, శుభోదయం. ఆయన్ని చూసి ఇంకో ముప్పై మంది. మన దేశంలో ఈ శుభోదయాల బొమ్మలతో ఫోన్లు నిండిపోతున్నాయనే 2018 ప్రాంతంలో గూగుల్ వాటిని వెతికి తీసేసే ఏర్పాటు తన ఫైల్స్ గో యాప్‌లో పెట్టింది. బీరపాదు సంగతి తెలిశాక నేను మరీ పట్టుదల మీదున్నాను. ఒక పొద్దున్న ఆయన పద్యం కిందే అందరికీ కనిపించేలా రాశాను: "ఇకమీదట శుభోదయాలు తొలగించబడతాయి." ఆయన ఒక్క మాట అనలేదు. పద్యం ఆగింది. మల్లె సలహాలూ ఆగాయి. ఆ వేసవంతా మల్లె మీద ఎవరేం అడిగినా జవాబు చెప్పే దిక్కు లేకపోయింది.

నియమం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ముప్పై బొమ్మలు పైనుంచి పడితే రాత్రి అడిగిన ప్రశ్న పొద్దుటికి కనబడదు. చెప్పిన తీరు తప్పు. డెబ్భై దాటిన పెద్దాయనకి 700 మంది ముందు, పోలీసు నోటీసులాంటి భాషలో చెప్పాను. ఫోన్ చేసి "మాస్టారూ, ఇదీ ఇబ్బంది" అంటే రెండు నిమిషాల్లో అయ్యేది. అడ్మిన్‌కి ఎవరి మెసేజ్ అయినా అందరి ఫోన్లలోంచీ తీసేసే వీలు వాట్సాప్ ఇచ్చింది. చెయ్యి పెట్టి తీసెయ్యడం అంత తేలికైపోయేసరికి, నోటితో చెప్పాల్సిన మాట మనం మర్చిపోతున్నాం.

ఒకరిద్దరు నాకు కేసుల భయమనుకుంటారు. అదీ కాదు. సభ్యులెవరో పెట్టిన అభ్యంతరకరమైన పోస్టుకి అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. నాకు పట్టింది కేసులు కాదు, బీరపాదు.

ఇప్పుడు మాకున్న నియమం ఒక్కటే. గ్రూపులో జవాబు రాని ప్రశ్న ఉన్నంతసేపూ ఇంకో కబురు పెట్టకూడదు. జవాబు తెలియకపోతే, తెలిసిన వాళ్ల పేరు పెట్టి పిలవండి. ప్రశ్నలేవీ లేని వేళ పూసిన మందారం చూపించుకోండి, గోంగూర పచ్చడి పెట్టండి, మనవడి పుట్టినరోజున నాటిన జామమొక్క ఫొటో పెట్టండి. రాజకీయాల వీడియోలు మాత్రం ఏ వేళా వద్దు. వాటిలో ఎవరి పాదుకీ జవాబు ఉండదు. ఇది కూడా కొందరికి నచ్చలేదు. "స్కూల్లో ఉన్నట్టుంది" అని ఒకరు, "ప్రశ్నలు ఆగేదెప్పుడు, మేం మాట్లాడేదెప్పుడు" అని ఇంకొకరు. రెండో ఆయన మాట నిజమే, వర్షాకాలంలో ప్రశ్నలు ఆగవు. అయినా ఆ నియమం మార్చను.

దసరా వెళ్లాక మాస్టారింటికి వెళ్లాను. ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. ఆయన మేడ మీద కూర్చోబెట్టి టీ ఇప్పించారు. నేను క్షమించమని అడిగాను. ఆయన మల్లె కుండీల వైపు చూస్తూ, "పద్యం ఆపమన్నందుకు కాదమ్మా, తొలగించబడతాయి అన్నావు చూడు, అదీ" అన్నారు. బీరపాదు ఆవిడ కథంతా చెప్పాను. చివరిదాకా విన్నారు. ఏమీ అనలేదు. వచ్చేటప్పుడు మల్లె అంటు ఒకటి చేతిలో పెట్టారు.

మొన్న రాత్రి తొమ్మిదీ నలభైకి ఒక కుర్రాడు మిరపమొక్క ఫొటో పెట్టాడు. ఆకులన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ వెంటనే ఎవరో మళ్లీ వీడియో వేశారు, దాని కింద గబగబా అయిదారు మాటలు పడ్డాయి. ఈసారి ముందు వీడియో పెట్టినాయనకి ఫోన్ చేసి చెప్పాను, ఆ తర్వాతే తీశాను. ఆయనకి కోపం వచ్చింది, ఫోన్ పెట్టేశారు. నేను గ్రూపు తెరిచేసరికి మిరపమొక్క కింద ఒక జవాబు ఉంది. మాస్టారిది, ఆర్నెల్ల తర్వాత.

"ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఒక ఆకు తుంచి వెనక్కి తిప్పి, లైటు వేసి ఇంకో ఫొటో పెట్టు బాబూ. మేలుకునే ఉన్నాను."